ముందుగా ఏం చేయాలి?

పీఎంపీ పరీక్షకు రెండుసార్లు కూర్చున్న ఒక అండమాన్ సైట్ ఇంజనీరు, పాఠాల్లో సగం ఇంట్లోనే ఉన్నాయని ఆలస్యంగా తెలుసుకున్న వైనం

దేశమంతటికీ గడియారం ఒకటే. కానీ 92 డిగ్రీల తూర్పు రేఖాంశానికి అవతల ఉన్న పోర్ట్ బ్లెయిర్‌కు సూర్యుడు హైదరాబాద్ కంటే సుమారు గంట ముందే వస్తాడు. వేసవిలో ఐదు కాకుండానే వెలుతురు, చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి. సైట్‌లో పని ఏడింటికి మొదలవుతుంది. అందుకే 2022లో నాకు చదువుకోవడానికి మిగిలింది ఉదయం నాలుగు నుంచి ఆరు వరకే. ఆ వేళకు జంగ్లీఘాట్‌లో పడవలు ఒడ్డుకు చేరుతుంటాయి. శ్రీకాకుళం యాసలో చేపల బేరాలు మొదలవుతాయి. ఆ సందడి మధ్య నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నమూనా ప్రశ్నలతో కుస్తీ పట్టేవాణ్ని. (2024 సెప్టెంబర్‌లో మా ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. నేను చెబుతున్నది అంతకు ముందు సంగతి కాబట్టి పాత పేరే వాడుతున్నాను.)

నాకు గుర్తుండిపోయిన ఒక ప్రశ్న, నా మాటల్లో, ఇలా ఉంటుంది: వానాకాలం మూడు వారాల్లో వస్తోంది. పైకప్పు రేకులు ఆలస్యమవుతాయని సరఫరాదారు కబురు చేశాడు. ప్రాజెక్ట్ మేనేజర్ ముందుగా ఏం చేయాలి? పై అధికారికి చెప్పాలా, మరో సరఫరాదారుకు ఆర్డర్ ఇవ్వాలా, కూలీలతో ఓవర్‌టైం చేయించాలా, ఆలస్యం వల్ల ఏ పని మీద ఎంత దెబ్బ పడుతుందో అంచనా వేయాలా? నేను క్షణం ఆలోచించకుండా రెండోది టిక్కు పెట్టాను. ద్వీపంలో పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. ఓడ తప్పిపోతే మరో ఓడ వెతుక్కోవాలి. కానీ సరైన సమాధానం నాలుగోది. నాకు ఒళ్లు మండింది. అమెరికాలో ఏసీ గదిలో కూర్చుని ప్రశ్నలు రాసేవాడికి మే నెలలో అండమాన్ ఆకాశం ఎలా ఉంటుందో తెలుసా అనుకున్నాను.

పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్. 1969లో అమెరికాలో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి ఇస్తున్న సర్టిఫికెట్ ఇది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పుణ్యమా అని ఆ మూడక్షరాలు హైదరాబాద్‌లో చాలామందికి పరిచయమే. కానీ ఈ విద్య పుట్టింది కంప్యూటర్ల దగ్గర కాదు. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో లెక్కగట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివర్లో ఒక రసాయనాల కంపెనీ అవసరాల్లోంచి వచ్చింది. దాదాపు అదే కాలంలో అమెరికా నౌకాదళం క్షిపణుల తయారీకి పెర్ట్ పద్ధతిని వాడింది. అంటే మాలాంటి సిమెంటు, ఇనుము మనుషులకే ఇది దగ్గర చుట్టం.

నాకు ఆ సర్టిఫికెట్ ఎందుకు కావలసి వచ్చిందో దాచుకోవాల్సిన పనేం లేదు. పహాడ్‌గావ్‌లోని అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సివిల్ డిప్లొమా చేసి, ఒక ప్రైవేటు కాంట్రాక్టు సంస్థలో సైట్ ఇంజనీరుగా చేరాను. పన్నెండేళ్లు గడిచినా సైట్ ఇంజనీరుగానే ఉన్నాను. పెద్ద పని వచ్చినప్పుడల్లా మెయిన్‌లాండ్ నుంచి ఒక మేనేజర్ దిగేవారు. ఓడ ఎప్పుడొస్తుంది, ఇసుక ఎక్కడ దొరుకుతుంది, ఏ జెట్టీలో ఎంత బరువు దించవచ్చు అన్నీ నన్నే అడిగేవారు. నివేదిక మీద సంతకం మాత్రం వారిదే. నా కంటే నాలుగేళ్లు చిన్నవాడొకరు వచ్చినప్పుడు ఆయన కార్డు చూశాను. పేరు పక్కన కామా, ఆ తర్వాత ఆ మూడక్షరాలు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

దరఖాస్తే ఒక పరీక్ష. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి ప్రాజెక్టులు నడిపిన మూడేళ్ల అనుభవం చాలు. నాలాంటి డిప్లొమావాళ్లకు ఐదేళ్లు, అంటే 60 నెలలు కావాలి. అదీ గత ఎనిమిదేళ్లలోదై ఉండాలన్నది అప్పటి నిబంధన. దానికి తోడు 35 గంటల శిక్షణ. అప్పటి పరీక్షలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. మనుషుల్ని నడపడంపై 42 శాతం, పనిని నడపడంపై 50 శాతం, వ్యాపార వాతావరణంపై 8 శాతం. ఫీజు చూసి మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘‘ఫ్రిజ్ వచ్చే ఏడాది కొనుక్కుందాం’’ అంది.

ఈ చదువు అయిదేళ్ల ముందయితే నాకు సాధ్యమయ్యేదే కాదు. అప్పట్లో ఇక్కడ ఇంటర్నెట్ అంటే ఉపగ్రహం దయ. ఒక వీడియో పాఠం తెరుచుకునేలోగా అన్నం ఉడికేది. 2018 డిసెంబర్ 30న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్‌కు పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన జరిగింది. సుమారు 2,300 కిలోమీటర్ల తీగ, రూ. 1,224 కోట్ల ఖర్చు. చెన్నై నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ లాంటి దీవులకు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. మధ్యలో కోవిడ్ వచ్చినా రెండేళ్లలోపే పని ముగిసింది. మా దీవుల్లో అనుకున్న వేళకు పూర్తయిన పని చూడడమే అరుదు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది పుస్తకంలో కాదు, వీడియో ఆగకుండా నడిచిన ఆ రోజు.

లెక్కలు నాకు ఇష్టం. చేసిన పని విలువను అయిన ఖర్చుతో భాగించడం, ఒకటి కంటే తక్కువ వస్తే చేతి చమురు వదులుతోందని గ్రహించడం. పది లక్షల పనికి పన్నెండున్నర లక్షలు ఖర్చయితే 0.8. ఇలాంటివి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. మూడు అంచనాల సూత్రం ఇంకా నచ్చింది. చెన్నైలో ఎక్కించిన సిమెంటు ఇక్కడికి చేరడానికి అంతా కలిసొస్తే 4 రోజులు, మామూలుగా 10, తుపాను పట్టుకుంటే 28 అనుకోండి. మామూలు అంచనాను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. 12 రోజులు వస్తుంది. సంబరంగా నాన్నకు చెప్పాను.

‘‘పన్నెండా?’’ అన్నాడు నాన్న. ‘‘ఇరవై ఎనిమిదనుకుని బస్తాలు తెచ్చుకో. పన్నెండుకి వస్తే సంతోషం. అయితే ముందల, అవి ఎక్కడ దింపుతావో సూసుకున్నావా?’’

ఆ మాట నన్ను గుచ్చింది. దానికి కారణం ఉంది. అంతకు మూడేళ్ల ముందు హట్ బేలో ఒక చిన్న భవనం పని నాకు అప్పగించారు. వానలకు ముందే సిమెంటు దించేయాలన్న తొందరలో రెండు వందల బస్తాలు తెప్పించాను. సమయానికే వచ్చాయి. అవి పెట్టుకోవాల్సిన షెడ్డు మాత్రం పూర్తి కాలేదు. మే మూడో వారంలో, కేరళను తాకకముందే, నైరుతి ముందుగా మా దీవులకు వస్తుందని బడి పిల్లలకు కూడా తెలుసు. టార్పాలిన్ కప్పి దేవుడి మీద భారం వేశాను. వారం తర్వాత విప్పి చూస్తే సగం బస్తాలు రాళ్లు. తప్పు పూర్తిగా నాదే. అక్కడి జెట్టీ మేస్త్రీని ఒక్క మాట అడిగి ఉంటే షెడ్డు సంగతి తేలేది. నేను అడగలేదు.

మా నాన్న 1982లో విశాఖపట్నంలో ఓడ ఎక్కి, దాదాపు మూడు రోజులు కక్కుకుంటూ, 1,200 కిలోమీటర్లు దాటి ఇక్కడ దిగాడు. సోంపేట దగ్గర పల్లె. చదువు నాలుగో తరగతి. ఉత్తరాంధ్ర నుంచి ఇలా వచ్చినవారు వేలల్లో ఉన్నారు. వేటకు కొందరు, కూలికి కొందరు. వాళ్ల పిల్లల కోసమే ఇక్కడ తెలుగు మీడియం బడులు వెలిశాయి. నాన్న మొదట కంకర మోశాడు, తర్వాత తాపీ పట్టాడు. 1988 నాటికి పాతిక మందిని నడిపే మేస్త్రీ అయ్యాడు. 2012లో మోకాళ్లు మొరాయించాక మానేశాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఆయన పని తీరు అంటే చిరాకు. సైట్‌కు వెళితే మొదటి రోజంతా ఏ పనీ చేయడు. చుట్టూ తిరుగుతాడు. నీళ్లు ఎటు పోతున్నాయని చూస్తాడు. పక్క ఇంటి ముసలమ్మతో ముచ్చట్లు పెడతాడు. దీన్నేనా పని అంటారు అనుకునేవాణ్ని.

2022 సెప్టెంబర్‌లో పరీక్ష రాయడానికి చెన్నై వెళ్లాను. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాసే వీలుంది. కానీ కెమెరా ముందు ఒంటరిగా కూర్చోవాలి, గదిలోకి ఎవరూ రాకూడదు, మాటలు వినిపించకూడదు. రేకుల మీద వాన పడితే మా ఇంట్లో పక్క మనిషి మాటే వినపడదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. జంగ్లీఘాట్‌లో నాలుగు గంటల సేపు చేపల బేరం ఆపమని ఎవరిని బతిమాలను? విమానం టికెట్టు కొన్నాను. పరీక్ష కేంద్రంలో జేబులు ఖాళీ చేయించి, గడియారం కూడా తీయించి లోపలికి పంపారు. మూడున్నర గంటల తర్వాత తెరపై ఫలితం కనిపించింది. తప్పాను.

ఈ పరీక్షకు మార్కులు చెప్పరు. ఒక్కో విభాగంలో లక్ష్యం కంటే పైనున్నారా, లక్ష్యంలో ఉన్నారా, కిందున్నారా, ఇంకా మెరుగుపడాలా అన్నదే చెబుతారు. పనిని నడపడంలో నేను లక్ష్యం కంటే పైన. మనుషుల్ని నడపడంలో అట్టడుగున. చెన్నై విమానాశ్రయంలో ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో. పన్నెండేళ్లుగా మనుషుల మధ్యే పని చేస్తున్నాను. నాకు మనుషులు రారని ఒక కంప్యూటర్ చెప్పింది.

ఇంట్లో రెండు రోజులు ముక్తసరిగా తిరిగాను. మూడో రోజు తెల్లవారుజామున, అలవాటు కొద్దీ మెలకువ వచ్చి, వరండాలో కూర్చున్నాను. నాన్న అప్పటికే లేచి ఉన్నాడు. టీ గ్లాసు నా చేతికిచ్చి, ‘‘ఏటడిగినారురా ఆ పరీక్షలో?’’ అన్నాడు. చెప్పినా అర్థం కాదు అనబోయి, ఎందుకో ఆగాను. నమూనా ప్రశ్నలు తీసి ఒక్కొక్కటీ తెలుగులో చెప్పడం మొదలెట్టాను. రేకుల ఓడ ప్రశ్న చెప్పాను. నాలుగు సమాధానాలూ చదివాను.

‘‘ముందల సూడాల. రేకులు రాకపోతే ఏ పని ఆగుద్ది, ఏ పని ఆగదు అని. లోపల గచ్చు పని సేసుకోవచ్చేమో. అది సూడకుండా ఇంకో ఆర్డర్ ఇస్తే రెండు ఓడలూ ఒక్కరోజే వస్తే? డబ్బులు ఎవడిస్తాడు?’’

నాలుగోది. సరైన సమాధానం. ఇద్దరు పనివాళ్లు గొడవ పడుతున్నారు, ఏం చేయాలి అన్న ప్రశ్న చెప్పాను. ఒకరిని పనిలోంచి తీసేయడం నుంచి పైవాళ్లకు చెప్పడం దాకా సమాధానాలున్నాయి. ‘‘ఇద్దర్నీ ఏరేగా కూకోబెట్టి అడగాల. ఇద్దరి మధ్య ఏటుందో తెలవకుండా తీర్పు సెప్పేస్తావేటి?’’ అన్నాడు. ఇదీ సరైనదే. ఆ ఉదయం ఇరవై ప్రశ్నలు అడిగాను. పద్నాలుగు సరిగ్గా చెప్పాడు. నేను పరీక్షలో తప్పినది ఎక్కడో నాకు అప్పుడు తెలిసింది. ప్రశ్న ఎప్పుడూ ఏం చేయాలి అని అడగడం లేదు. ముందుగా ఏం చేయాలి అని అడుగుతోంది. ఆ ‘ముందుగా’ అన్న మాటను నేను చదవకుండా దాటేశాను. ద్వీపం మనుషులం కదా, తొందరే తెలివి అనుకున్నాను. నాన్న మొదటి రోజంతా సైట్ చుట్టూ తిరగడంలోని అర్థం నలభై ఏళ్ల తర్వాత ఒక అమెరికా పరీక్ష నాకు చెప్పవలసి వచ్చింది.

అయితే నాన్న తప్పిన ఆరు ప్రశ్నల సంగతి కూడా చెప్పాలి. అవన్నీ ఒకే రకం. పని మధ్యలో యజమాని వచ్చి మార్పు కోరితే ఏం చేయాలి? ‘‘సేసెయ్యాల. మాటిచ్చినాక పేచీ ఏటి?’’ అన్నాడు ప్రతిసారీ. సరైన సమాధానం వేరు. మార్పును కాగితం మీద పెట్టాలి, ఖర్చు, గడువు ఎంత పెరుగుతాయో లెక్కగట్టాలి, ఒప్పుకోవాల్సినవారు సంతకం పెట్టాకే చేయి వేయాలి. అది చెప్పగానే నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు.

నాకు గుర్తొచ్చింది. నాకు ఆరేడేళ్లప్పుడు ఒక ప్రైవేటు భవనానికి తూర్పున కట్టిన మెట్లను ఉత్తరానికి మార్చమన్నారు. నాన్న మాట మీద కూల్చి, మాట మీద మళ్లీ కట్టాడు. బిల్లు దగ్గరకొచ్చేసరికి ఆ మాట ఎవరికీ గుర్తులేదు. కూలీలకు మాత్రం డబ్బులివ్వాలి. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. తిరిగి రాలేదు. నాన్న జేబు డైరీలో ఎవరు ఏ రోజు పనికొచ్చారో ఉంటుంది. ఎవరు ఏ మార్పు అడిగారో ఉండదు. ప్రభుత్వ పనుల్లో ఎక్స్‌ట్రా ఐటమ్ అంటే ఒక కాగితం, ఒక సంతకం. నాలుగో తరగతి చదివిన మనిషికి ఆ కాగితం అడిగే ధైర్యం ఎవరిచ్చారు? పుస్తకానికి తెలిసినది నాన్నకు తెలిసి ఉంటే అమ్మ చేతికి గాజులుండేవి. నాన్నకు తెలిసినది పుస్తకం కంటే ముందు నేను నేర్చుకుని ఉంటే హట్ బేలో వంద బస్తాలు మిగిలేవి. ఇద్దరం సగం సగం చదువుకున్నవాళ్లమే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో తెల్లవారుజాము క్లాసు ఇద్దరిదైంది. నేను ప్రశ్న చెప్పడం, ఆయన తన అనుభవంలోంచి ఒక ఉదాహరణ తీయడం. పుస్తకంలోని పెద్ద మాటలకు ఆయన సైట్లే అర్థాలయ్యాయి. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో మా తీరాల్లో ఇసుక తవ్వకం ఏడాదికేడాది తగ్గించడం మొదలైనప్పుడు, ఇసుక దొరకదని ముందే పసిగట్టి ఎవరెవరు పని ఒప్పుకోవడం మానేశారో చెప్పాడు. అది రిస్క్. ఎండాకాలంలో ధనిఖరి డ్యాం నీళ్లు తగ్గి కుళాయిలు ఎండినప్పుడు స్లాబు తడపడానికి ముందే నీళ్ల తొట్టెలు కట్టుకోవడం చెప్పాడు. అది రిస్క్‌కు విరుగుడు.

స్టేక్‌హోల్డర్ అన్న మాట దగ్గర మాత్రం ఆయన కార్ నికోబార్‌కు వెళ్లిపోయాడు. 2004 డిసెంబర్ 26, ఆదివారం. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఉదయం ఆరున్నరకు ఇల్లు ఊగింది. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల నేల దాదాపు మీటరు కుంగి, సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం వచ్చి అక్కడే ఉండిపోయింది. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. తర్వాతి సంవత్సరాల్లో దీవులన్నిటిలో కలిపి 9,700కు పైగా శాశ్వత గృహాలు కట్టారు. ఇనుము, రేకులు, సిమెంటు అన్నీ మెయిన్‌లాండ్ నుంచి ఓడల్లో రావలసినవే. గిరిజన ప్రాంతానికి ప్రత్యేక పాసు తీసుకుని నాన్న రెండేళ్లు అక్కడ పని చేశాడు. అంత దూరంలో అన్ని ఇళ్లు లేపడం చిన్న సంగతి కాదు. అది చేసినవారిని తక్కువ చేయలేం.

‘‘ఒక ముసలాయన రోజూ వచ్చి మేం కట్టే ఇల్లు సూసి ఎల్లిపోయేవోడు’’ అన్నాడు నాన్న. ‘‘ఒకనాడు అడిగినాడు. మేం అందరం ఒక్క కాడే వండుకుంటాం, ఇన్ని ఇళ్లు ఇడివిడిగా కడతన్నారు, మరి మా పొయ్యి ఎక్కడ పెట్టుకోవాల అని. నాకు జవాబు తెలీలేదు. నక్షా ఎక్కడో గీసినారు. ఆయన్ని ఎవురూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే మాత్రం ఎవరికి సెప్పేది?’’

కార్ నికోబార్‌లో కుటుంబం అంటే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కాదు. తుహెత్ అంటారు. కొబ్బరి తోటలు, పందులు, భూమి ఉమ్మడిగా ఉండే పెద్ద కుటుంబం అది. స్తంభాల మీద గుండ్రటి గడ్డి ఇళ్లు వాళ్లవి. కొత్త ఇళ్లు జంటకొకటి లెక్కన వచ్చాయి. తుహెత్ ముక్కలైందని మానవశాస్త్రవేత్తలు ఆ తర్వాత రాశారు. పుస్తకంలో నేను బట్టీ పట్టిన వాక్యం ఒకటే. ప్రాజెక్టు వల్ల ప్రభావితమయ్యే వారందరినీ ముందుగానే గుర్తించాలి, వారితో మాట్లాడాలి. బహుళైచ్ఛిక ప్రశ్నలో అది ఒక మార్కు. కార్ నికోబార్‌లో అది ఒక పొయ్యి.

2021లో వచ్చిన ఏడో ఎడిషన్ ప్రామాణిక గ్రంథం, అంతకు ముందున్న 49 ప్రక్రియల పట్టికను పక్కనపెట్టి, 12 సూత్రాలతో మొదలవుతుంది. పని అనుకున్నట్టు ముగిసిందా అన్న దానికంటే, దాని వల్ల ఎవరికి ఏం విలువ కలిగిందన్నదే ముఖ్యం అంటుంది. మొదట ఇది ఉపదేశంలా అనిపించింది. కానీ మా ఊళ్లో దీనికి రుజువు కళ్ల ముందే ఉంది. సెల్యులర్ జైలు పని 1896లో మొదలై 1906లో ముగిసింది. బర్మా నుంచి ఇటుకలు వచ్చాయి. ఏడు భుజాలు, మూడు అంతస్తులు, 693 గదులు. ఖైదీల చేతే ఖైదీల కోసం కట్టించారు. అప్పట్లో అయిన ఖర్చు సుమారు ఐదు లక్షల పదిహేడు వేల రూపాయలంటారు. నక్షాలో ఉన్నది ఉన్నట్టు కట్టారు. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరిని కూడా అక్కడికే పంపారు. గడువు, ఖర్చు, నాణ్యత మాత్రమే చూస్తే అదొక విజయవంతమైన ప్రాజెక్టు. అందుకే అవి మాత్రమే చూడకూడదు. ఇవాళ ఏడింట మూడు భుజాలే మిగిలాయి. కూల్చిన చోట ఆస్పత్రి ఉంది. నా కూతురు పుట్టింది అక్కడే.

2023 ఫిబ్రవరిలో మళ్లీ చెన్నై వెళ్లాను. ఏడాదిలో మూడుసార్లు రాసే అవకాశం ఉంటుంది. ఇది రెండోది. ఈసారి ప్రతి ప్రశ్నలో ‘ముందుగా’ అన్న మాట కనిపించగానే ఒక నిమిషం ఆగి, నాన్న లుంగీ ఎగ్గట్టి సైట్ చుట్టూ తిరగడం ఊహించుకున్నాను. మార్పు కోరే ప్రశ్న వచ్చినప్పుడు అమ్మ గాజులు గుర్తు చేసుకున్నాను. చివర్లో తెరపై అభినందనలు కనిపించాయి. మనుషుల్ని నడపడంలోనూ లక్ష్యం కంటే పైనే. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న, ‘‘జీతం పెరుగుద్దేటి?’’ అని అడిగాడు. పెరిగింది, మరీ ఎక్కువేం కాదు. కానీ ఆ ఏడాది చివర్లో వచ్చిన పనికి మెయిన్‌లాండ్ నుంచి మేనేజర్ రాలేదు. నివేదిక మీద నా సంతకం ఉంది. మొదటి రోజు నేను ఏ పనీ మొదలుపెట్టలేదు. సైట్ చుట్టూ తిరిగాను. నాతో ఉన్న కుర్ర ఇంజనీరు చిరాకు పడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

సర్టిఫికెట్ పోస్టులో వచ్చిన రోజు సరదాకి నాన్న పేరు మీద దరఖాస్తు నింపుదామన్నాను. పాత డైరీలు ముందేసుకుని కూర్చున్నాం. మొత్తం ఎన్ని నెలలు రాయాలి అని అడిగాను. ‘‘కంకర మోసిన రోజులు తీసెయ్. మేస్త్రీ అయినకాడి నుంచే లెక్కెయ్’’ అన్నాడు. 1988 నుంచి 2012 వరకు, ఇరవై నాలుగేళ్లు. ‘‘ఏడాదికి అయిదు నెలలు వాన. అవీ తీసెయ్. ఉత్తినే కూకున్న నెలలు రాస్తే అబద్ధం కదా.’’ తీసేశాం. 168 నెలలు మిగిలాయి. కావలసినవి 60.

తర్వాతి గడి దగ్గర ఆగిపోయాను. అనుభవం గత ఎనిమిదేళ్లలోదై ఉండాలి. నాన్న పని మానేసి అప్పటికి పదకొండేళ్లు. ఆ సంగతి ఆయనకెలా చెప్పాలో తెలియక స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఆయనే గ్రహించాడు. ‘‘సాలదేటి?’’ అన్నాడు. సరిపోతుంది నాన్నా, తేదీల దగ్గరే తేడా వచ్చింది అన్నాను. ‘‘పోనీలే’’ అని డైరీలకు రబ్బరు బ్యాండు వేసి, అలమర పైకి పెట్టబోయి, ఆగి, నా చేతిలో పెట్టాడు.